క్యాపిటల్ అక్షరం కనబడితే ముందు “ఇది ఎవరి గొంతు?” అని అడగండి

ఇంగ్లీషు నవలలు చదువుతూ అర్థం కాలేదని మీరు పెట్టిన వాక్యాలు రెండు. మొదటిది: “ద లెటర్ శాట్ ఆన్ ద టేబుల్ ఆల్ వీక్, అండ్ ఆన్ సండే ఇట్ వన్.” ఉత్తరం వారమంతా బల్ల మీద కూర్చుంది, ఆదివారం నాడు గెలిచింది. ఉత్తరం గెలవడమేంటి, ఏ పోటీలో, ఎవరి మీద అని మీ అనుమానం. రెండోది: “షీ హ్యాడ్ డిసైడెడ్ టు బీ బ్రేవ్ అబౌట్ ఇట్.” ఇందులో బీ, బ్రేవ్ అనే రెండు మాటలకీ మొదటి అక్షరం పెద్దబడిలో, అంటే క్యాపిటల్‌లో ఉంది. వాక్యం మధ్యలో, అది మనిషి పేరూ కాదు, ఊరి పేరూ కాదు, మరి అచ్చుతప్పా అని అడిగారు. చివర్లో, ఇలాంటి వాక్యాన్ని వ్యాసంలో ఎత్తి రాయాల్సి వస్తే ఆ క్యాపిటల్స్ ఉంచాలా తీసెయ్యాలా అని ఇంకో చిన్న ప్రశ్న.

అచ్చుతప్పు కాదు. మిగతాది కాస్త పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టండి.

ముందు ఉత్తరం సంగతి. ఆ వాక్యంలో మీకు తెలియని మాట ఒక్కటీ లేదు, అందుకే డిక్షనరీ ఏమీ సాయం చెయ్యలేదు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి, “వన్” అనే క్రియకి ఇంకేదో రహస్యమైన అర్థం ఉందేమోనని డిక్షనరీలో పదో అర్థం దాకా వెళ్ళిపోతారు. అక్కడ ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ మాటకి అర్థం గెలవడమే. మారింది మాట కాదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితి. ఉత్తరం గెలిచిందంటే ఎవరో ఓడిపోయారు. ఎవరు? ఆ ఇంట్లో ఉత్తరాన్ని చూస్తూ, విప్పకూడదని బిగబట్టుకుని కూర్చున్న మనిషి. ఆదివారానికి ఇక ఆగలేక విప్పేసింది. అంతే. ఇప్పుడు వెనక్కి వెళ్ళి “శాట్” అన్న మాట మళ్ళీ చదవండి, మొదటిసారి అది మామూలు మాటలాగే కనిపించింది, బల్ల మీద ఏ వస్తువైనా ఇంగ్లీషులో “కూర్చుంటుంది”. కానీ చివరి మాట చదివాక ఆ కూర్చోవడం ఊరికే పడి ఉండడం కాకుండా, కోట బయట మాటు వేసి ఎదురు చూడడం అయిపోయింది. రచయిత చివరి మాటతో మొదటి మాటని మార్చాడు. ఇలాంటి వాక్యాలు ముందు నుంచి వెనక్కి కాదు, వెనక నుంచి ముందుకి అర్థమవుతాయి, కాబట్టి ఒక్కసారి చదివి తెలియలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఈ పని ఎలా జరుగుతుందో మన అలంకారశాస్త్రం వాళ్ళు ఎప్పుడో తేల్చి పెట్టారు. “గంగాయాం ఘోషః” అనే ఉదాహరణ మీరు వినే ఉంటారు, గంగలో గొల్లపల్లె ఉంది అని. నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి మాటకున్న సూటి అర్థం అడ్డుపడుతుంది, దీన్నే ముఖ్యార్థ బాధ అన్నారు. అడ్డుపడ్డాక మనసు దగ్గరలో ఉన్న అర్థానికి, అంటే గంగ ఒడ్డుకి జరుగుతుంది, అది లక్షణ. మరి ఒడ్డు అనే చెప్పొచ్చు కదా, గంగలో అని ఎందుకన్నాడు? ఆ చల్లదనం, ఆ పవిత్రత కూడా పల్లెకి అంటుకోవాలని. అది వ్యంజన. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ మెట్లన్నీ విడమరిచి చెప్పాడు, ఇంగ్లీషు నవల చదివేటప్పుడు కూడా ఇవే మెట్లు పనికొస్తాయి. ఎక్కడ సూటి అర్థం అడ్డం తిరిగింది? ఏ దగ్గరి అర్థానికి జరిగితే వాక్యం నిలబడుతుంది? సూటిగా చెప్పకుండా ఇలా చెప్పినందువల్ల అదనంగా ఏం వచ్చింది? మూడో ప్రశ్నే అసలైనది, మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేదీ అదే. “ఆమె ఆదివారం ఉత్తరం విప్పింది” అని నోట్సులో రాసుకుని పేజీ తిప్పేస్తే కథ తెలుస్తుంది గానీ, ఆ వారం రోజుల నలుగుడు పోతుంది.

దీనికి వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది, జాగ్రత్త. అలంకారాల మీద కొత్తగా మోజు పుట్టినవాళ్ళకి ప్రతి మాటలోనూ రూపకం కనిపిస్తుంది. టైమ్ రన్ అవుట్ అయిందంటే కాలానికి కాళ్ళు వచ్చాయని వ్యాఖ్యానం రాస్తారు. మనం కుర్చీ కాళ్ళు, సీసా మూతి అన్నప్పుడు ఎవరూ బొమ్మ ఊహించుకోరు కదా, ఒకప్పుడు అవీ రూపకాలే, వాడి వాడి అరిగిపోయాయి. ఇంగ్లీషులోనూ అంతే. అయితే మంచి రచయితలు అప్పుడప్పుడు ఈ అరిగిన దాన్ని గిల్లి లేపుతారు, టైమ్ రన్ అవుట్ అయింది అని రాసి వెంటనే “తలుపు కూడా వేసుకోకుండా” అని చేర్చితే ఆ పాత మాటకి నిజంగానే కాళ్ళు మొలుస్తాయి. కాబట్టి అరిగిపోయిన మాట పక్కన ఇంకో బొమ్మ ఏదైనా ఉందా అని చూడండి, ఉంటే ఆగండి, లేకపోతే ముందుకు పోండి.

కొన్ని రకాలు మనకి తెలుగులో అలవాటైనవే, ఇంగ్లీషులో కనబడేసరికి గుర్తుపట్టం. “స్లీప్‌లెస్ పిల్లో” అని రాస్తే దిండుకి నిద్ర పట్టకపోవడమేంటని ఆగిపోతాం, నిద్రలేని రాత్రి అని మనమే రోజూ అంటున్నా. నిద్ర పట్టనిది మనిషికి, విశేషణం మాత్రం పక్కనున్న వస్తువుకి తగిలించారు. “నాట్ వితౌట్ చార్మ్” లాంటి రెండు కాదుల మాటలు మన “రాకపోలేదు”, “తెలియక కాదు” లాంటివే. కానీ ఇంగ్లీషులో, ముఖ్యంగా బ్రిటిష్ గద్యంలో, వీటి తూకం పట్టుకోవడం కష్టం, ఒక్కోసారి అది పొగడ్త, ఒక్కోసారి పైకి పొగిడి లోపల తక్కువ చెయ్యడం. మాట్లాడుతున్న మనిషి ఎలాంటివాడో తెలిస్తే తప్ప తేలదు. ఇంకోటి, ఒకే క్రియకి పొంతన లేని రెండింటిని తగిలించి నవ్వించడం. డికెన్స్ 1836–37లో భాగాలుగా వచ్చిన పిక్‌విక్ పేపర్స్‌లో పేకాటలో ఓడిన ఒక ఆవిడని “ఇన్ ఎ ఫ్లడ్ ఆఫ్ టియర్స్ అండ్ ఎ సెడాన్ చైర్” ఇంటికి పంపిస్తాడు, అంటే కన్నీటి వరదలోనూ మోసే కుర్చీలోనూ కలిపి. వరద అలంకారం, కుర్చీ నిజం, రెండింటికీ ఒకే “ఇన్”. ఇది నవ్వడానికే, ఇందులో లోతైన అర్థం వెతక్కండి.

అసలు ఇబ్బంది పెట్టేవి పాత పుస్తకాల నుంచి వచ్చిన మాటలు. వీటిని వాక్యంలోంచి ఊహించి పట్టుకోలేం, తెలిసి ఉండాలి. ఒక పాత్ర గురించి “ఫీట్ ఆఫ్ క్లే” ఉన్నాయంటే, బైబిల్‌లో దానియేలు గ్రంథం రెండో అధ్యాయంలో నెబుకద్నెజరు రాజుకి వచ్చిన కల దాని వెనక ఉంది. తల బంగారం, రొమ్ము వెండి, నడుము ఇత్తడి, కాళ్ళు ఇనుము, పాదాలు మాత్రం కొంత ఇనుము కొంత మట్టి అయిన విగ్రహం. అంటే గొప్పవాడే, పునాదిలోనే బలహీనత ఉంది అని. ఆ తల బంగారం అన్న సంగతి తెలియకపోతే మట్టి పాదాలంటే పేదవాడేమో, రైతేమో అనుకునే ప్రమాదం ఉంది. అలాగే “సీ చేంజ్” అంటే ఇప్పుడు పత్రికల్లో పెద్ద మార్పు అని మాత్రమే. షేక్‌స్పియర్ టెంపెస్ట్ నాటకంలోని పాటలో అది అక్షరాలా సముద్రం చేసిన మార్పు, నీళ్ళ అడుగున ఉన్న మనిషి ఎముకలు పగడాలవుతాయి, కళ్ళు ముత్యాలవుతాయి. అంచేత నవలలో ఈ మాట కనబడితే, అక్కడ నీళ్ళు గానీ చావు గానీ చుట్టుపక్కల ఉన్నాయేమో చూడండి, ఉంటే రచయిత పాత అర్థాన్ని తడుతున్నాడు, లేకపోతే వాడుకగా రాసేశాడు. కొన్ని మాటలు మూలంలో ఉన్నట్టు కూడా మిగల్లేదు. “గిల్డ్ ద లిలీ” అంటారు, లిల్లీ పువ్వుకి బంగారు పూత పూయడం, అంటే అందంగా ఉన్నదాన్ని అనవసరంగా అలంకరించడం. షేక్‌స్పియర్ కింగ్ జాన్ నాటకంలో పూత పూసేది బంగారానికి, రంగు వేసేది లిల్లీకి. జనం నోట్లో రెండూ కలిసిపోయాయి.

ఇలాంటివాటికి మామూలు డిక్షనరీ కంటే బ్రూవర్స్ డిక్షనరీ ఆఫ్ ఫ్రేజ్ అండ్ ఫేబుల్ బాగా పనికొస్తుంది, మొదట 1870లో వచ్చింది, ఇప్పటికీ కొత్త కూర్పులు వస్తున్నాయి. ఇక ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ, అంటే ఆ పెద్దది, అందులో ప్రతి అర్థానికీ ఏ ఏడాది ఎవరు ఎలా వాడారో వాక్యాలు ఇస్తారు. పాత నవల చదువుతున్నప్పుడు మీకు కావాల్సింది ఇప్పటి అర్థం కాదు, ఆ ఏడాది నాటి అర్థం.

ఇప్పుడు క్యాపిటల్స్. తెలుగు లిపిలో పెద్దా చిన్నా అక్షరాల తేడానే లేదు, అందువల్ల మన కన్ను వాటిని అక్షరాల ఆకారంగా చూస్తుందే తప్ప గొంతుగా వినదు. బడిలో మనకి చెప్పేది కూడా వాక్యం మొదట్లో, పేర్ల ముందు, “ఐ” అనే సర్వనామానికి, అంతే. ఆ నియమం తప్పితే ఎర్ర పెన్నుతో సున్నా. దాంతో నవలలో నియమం తప్పిన క్యాపిటల్ కనబడితే అచ్చుతప్పే గుర్తొస్తుంది.

నేను పాటించే పద్ధతి ఇది: వింత క్యాపిటల్ కనబడితే ఆ మాటని ఎవరో పేరుగా వాడుతున్నారని అర్థం. ఎవరు అన్నదే ప్రశ్న. కథ చెప్పేవాడా, పాత్రా, ఒక కుటుంబమా, ఒక మతమా, ఒక దేశమా, లేక ఆ కాలంలో అచ్చు వేసేవాళ్ళంతానా?

మీ వాక్యంలో పాత్ర. “డిసైడెడ్ టు బీ బ్రేవ్” అని చిన్నక్షరాలతో ఉంటే అది సమాచారం, ధైర్యంగా ఉందామనుకుంది. పెద్దక్షరాలు పెట్టేసరికి ఆ అమ్మాయి తనకి తాను ఒక కార్యక్రమం ప్రకటించుకున్నట్టయింది, ధైర్యంగా ఉండుట అని పేరు పెట్టి గోడకి అంటించుకున్నట్టు. మనం మాట్లాడేటప్పుడు గొంతు పెంచి, మాట మాట విడదీసి, “ధైర్యంగా. ఉండాలని. నిర్ణయించుకుంది” అంటామే, అదే ఇది. దీంతో రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఆమెకి ధైర్యం సహజంగా లేదు, పెద్దవాళ్ళ నోట విన్న మాటని తెచ్చుకుని తొడుక్కుంటోంది. రెండోది, కథ చెప్పేవాడు ఆమె పక్కనే నిలబడి కొంచెం నవ్వుతున్నాడు, వెక్కిరింపు కాదు, మురిపెం. తర్వాతి పేజీల్లో ఇలాంటి క్యాపిటల్స్ ఆమె ఉన్న చోటే వస్తున్నాయా, అందరి దగ్గరా వస్తున్నాయా చూడండి. ఆమె దగ్గరే అయితే అది ఆమె గొంతు, కథకుడు కొటేషన్ మార్కులు పెట్టకుండా అరువు తెచ్చుకున్నాడు. అందరి దగ్గరా అయితే అది కథకుడి చమత్కారం.

ఈ నవ్వించే క్యాపిటల్స్‌కి ఇంగ్లీషులో పెద్ద సంప్రదాయమే ఉంది. మిల్న్ 1926లో రాసిన విన్నీ ద పూ పిల్లల పుస్తకంలో ఎలుగుబంటి తనని “బేర్ ఆఫ్ వెరీ లిటిల్ బ్రెయిన్” అనుకుంటుంది, అది ఏదో బిరుదైనట్టు, “ఆఫ్” తప్ప అన్నిటికీ పెద్దక్షరాలే. 1930లో వచ్చిన 1066 అండ్ ఆల్ దట్ అనే హాస్య చరిత్రలో రాజులూ యుద్ధాలూ ఏవైనా సరే “గుడ్ థింగ్”, “బ్యాడ్ థింగ్” అని పెద్దక్షరాలతో తీర్పులు చెప్పేస్తారు, స్కూలు పాఠ్యపుస్తకాలని ఆటపట్టించడానికి. ఇప్పటికీ బ్రిటిష్ పత్రికల్లో ఎవరైనా “ఎ గుడ్ థింగ్” అని పెద్దక్షరాలతో రాస్తే ఆ నవ్వు కొంత దాని వెనక ఉంటుంది.

నవ్వులేని రకం కూడా ఉంది. ఒక ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ పలకని సంగతి ఉంటుంది. నవలలో దాన్ని “ద బిజినెస్ విత్ ద పియానో” అని, బీ పెద్దది, పీ పెద్దది పెట్టి రాస్తారు అనుకోండి. పియానోతో వ్యాపారం అని కాదు, ఆ పియానో గొడవ. క్యాపిటల్ వల్ల అది ఆ కుటుంబం పెట్టుకున్న పేరని, వాళ్ళ లోపలి చరిత్రలో ఒక అధ్యాయమని తెలుస్తుంది. ఇంకా వివరం చెప్పలేదేమిటని కంగారు పడకండి, చెప్పకపోవడమే అక్కడి ఎత్తుగడ, మీరు ఆ ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టంలాగా తలుపు దగ్గర నిలబడాలి కాసేపు.

కుటుంబం బదులు దేశం అయితే అది చరిత్ర. “ద ఎమర్జెన్సీ” అని పెద్ద ఈతో ఉంటే మనకి వెంటనే 1975–77 గుర్తొస్తుంది. అదే మాట ఐరిష్ నవలలో ఉంటే రెండో ప్రపంచయుద్ధ కాలం, ఐర్లండ్ తటస్థంగా ఉండి ఆ రోజుల్ని అలా పిలుచుకుంది. మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) నేపథ్యం అయితే 1948 నుంచి 1960 దాకా కమ్యూనిస్టు గెరిల్లాలతో బ్రిటిష్ వాళ్ళ పోరు. ఒకే మాట, మూడు చరిత్రలు, పుస్తకం ఎక్కడిదో చూడకుండా అర్థం చెప్పలేం. “ద ట్రబుల్స్” అంటే కష్టాలు కాదు, ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర నుంచి 1998 ఒప్పందం దాకా సాగిన హింస. “ద గ్రేట్ వార్” అన్న పాత్రకి రెండో యుద్ధం వస్తుందని ఇంకా తెలియదు, లేదా ఆ తరం మనిషి. పాత బ్రిటిష్ నవలల్లో “టౌన్” అంటే లండన్, “ద కాంటినెంట్” అంటే బ్రిటన్ పోగా మిగిలిన యూరప్, “ద సిటీ” అంటే లండన్‌లో బ్యాంకులూ వ్యాపారాలూ ఉన్న ఆ కాస్త ప్రాంతం, “సొసైటీ” అంటే సమాజం కాదు, పిలుపులందుకునే పైవర్గం. “ద సీజన్” వాతావరణం కాదు, ఆ పైవర్గం లండన్ చేరి విందులు చేసుకునే నెలలు.

మతం నుంచి వచ్చేవి ఇంకా మోసం చేస్తాయి, ఎందుకంటే చిన్నక్షరంతో ఆ మాటలు మనకి బాగా తెలుసు. పెద్ద పీతో “ద ప్యాషన్” అంటే మోహం కాదు, క్రీస్తు శ్రమలు. “ద ఫాల్” ఆదాము హవ్వల పతనం, “ద వర్డ్” యోహాను సువార్త మొదటి వాక్యంలోని వాక్యము, “ద హోస్ట్” ఆరాధనలో ఇచ్చే పవిత్రమైన రొట్టె, ఆతిథ్యం ఇచ్చేవాడు కాదు. దేవుణ్ణి ఉద్దేశించి “హీ” అని పెద్ద హెచ్ పెట్టడం బైబిల్ నుంచే వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో ఆ సర్వనామం చిన్నక్షరంతోనే ఉంటుంది. అందులో పెద్దక్షరాలు కనిపించేది “లార్డ్” అనే మాటకి, మొత్తం మాట పెద్దక్షరాల్లో ఉంటే అక్కడ హీబ్రూ మూలంలో దేవుడి స్వంత పేరు ఉందని గుర్తు. నవలలో ఎవరినో గురించి “హిమ్” అని పెద్దక్షరంతో రాసి, ఆ మనిషి ఒక మేనేజరో భర్తో అయితే, అది భక్తి మీద వేసిన జోకు.

ఇక మానవీకరణ. డెత్, టైమ్, ఫార్చూన్, నేచర్ లాంటివి పెద్దక్షరంతో వచ్చి కదలడం, మాట్లాడడం మొదలుపెడితే అవి పాత్రలు. ఇక్కడ క్యాపిటల్ కంటే నమ్మకమైన గుర్తు సర్వనామం. ఇంగ్లీషులో వస్తువులకి లింగం లేదు, అన్నీ “ఇట్”. కాబట్టి చావుని “హీ” అన్నా, అదృష్టాన్ని, ప్రకృతిని, చంద్రుణ్ణి “షీ” అన్నా అక్కడ మనిషి రూపం ఇచ్చారన్నమాట. ఓడని “షీ” అనడం మాత్రం పాత అలవాటు, దానికి అలంకారం అంటగట్టకండి. చంద్రుడు ఆడదవడం మనకి అలవాటు లేదు కనక “హర్” అన్న మాట చూసి, ముందు పేజీలో ఏ స్త్రీ వచ్చిందా అని వెతుక్కుంటాం, ఆ వెతుకులాట అక్కర్లేదు. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల్లో మృత్యువు నిజంగానే పాత్ర, అతని మాటలన్నీ కొటేషన్ మార్కులు లేకుండా చిన్న సైజు క్యాపిటల్స్‌లోనే ఉంటాయి, అక్కడ అక్షరమే గొంతు.

ఇంత చెప్పాక ఒక బ్రేకు కూడా వెయ్యాలి. ప్రతి క్యాపిటల్‌కీ అర్థం ఉండదు. 17వ శతాబ్దం చివర నుంచి 18వ శతాబ్దం మధ్య దాకా ఇంగ్లీషు అచ్చులో నామవాచకాలన్నిటికీ పెద్దక్షరం పెట్టడం మామూలు, జర్మన్‌లో ఇప్పటికీ ఉన్నట్టే. 1719 రాబిన్సన్ క్రూసో, 1726 గలివర్స్ ట్రావెల్స్ తొలి ముద్రణలు చూస్తే ఓడకీ తాడుకీ రొట్టెకీ కూడా క్యాపిటలే, అందులో గంభీరత వెతికితే నవ్వులపాలు. తర్వాత ఆ అలవాటు పోయింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయనే ముద్రాపకుడు కదా, 1789లో డిక్షనరీల నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ ముద్రాపకులు వరస చూడ్డానికి ఒకే తీరుగా ఉండాలని నామవాచకాల క్యాపిటల్స్ తీసేస్తున్నారని వాపోయాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సంగతే చూడండి, 1776లో అచ్చయిన మొదటి కరపత్రంలో “పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్” అన్నచోట పర్స్యూట్‌కి పెద్ద పీ ఉంది, సంతకాలు చేసిన చేతిరాత ప్రతిలో చిన్న పీ. ఒకే వాక్యం, రెండు చేతులు, రెండు అలవాట్లు. ఆ పీ మీద తత్వశాస్త్రం కట్టకూడదు. పద్యాల్లో ప్రతి పాదం మొదట్లో వచ్చే క్యాపిటల్ కూడా ఇంతే, పాత సంప్రదాయం, దాన్ని లెక్కలోకే తీసుకోకండి.

అచ్చు వేసినవాళ్ళ చెయ్యి ఎంత పని చేస్తుందో తెలియాలంటే అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆమె 1886లో చనిపోయేనాటికి అచ్చయినవి పదీ పరకా పద్యాలే, రాసినవి దాదాపు 1,800. రాతప్రతుల్లో ఎక్కడపడితే అక్కడ క్యాపిటల్స్, డాష్‌లు. 1890లో మొదటి సంకలనం వేసిన మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ ఆ క్యాపిటల్స్‌ని, డాష్‌లని సాపు చేసేశారు, లేని శీర్షికలు పెట్టారు. 1955లో థామస్ జాన్సన్ సంపాదకత్వంలో వచ్చిన కూర్పుతో గానీ అవి పాఠకులకి తిరిగి దొరకలేదు. మృత్యువు బండి ఆపి తనని ఎక్కించుకున్న పద్యం ఉంది చూశారూ, “బికాజ్ ఐ కుడ్ నాట్ స్టాప్ ఫర్ డెత్”, దాని రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకోండి. డెత్, ఇమ్మార్టాలిటీ అన్న మాటలకి రెండింటిలోనూ పెద్దక్షరం ఉంది, ఎందుకంటే అవి బండిలో కూర్చున్న పాత్రలని 1890 వాళ్ళకీ అర్థమైంది. దారిలో కనిపించే “గేజింగ్ గ్రెయిన్” అన్న పైరుకి మాత్రం ఆమె పెట్టిన రెండు పెద్ద జీలూ 1890లో చిన్నవైపోయాయి. మానవీకరణ అని తేలిగ్గా పేరు పెట్టగలిగినవి ఉంచి, పేరు పెట్టలేనివి తీసేశారన్నమాట. ఆ రెండో రకం గురించి పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు, నొక్కి పలకడానికని కొందరు, చేతిరాత అలవాటని కొందరు. నా మట్టుకు పైరు తలెత్తి చూస్తున్నప్పుడు ఆ జీ దగ్గర కన్ను ఒక క్షణం ఆగుతుంది, ఆ ఆగడం చాలు, దాన్ని ఇంకో మాటలోకి మార్చాల్సిన పని లేదనిపిస్తుంది.

అందుకని పుస్తకం తెరవగానే కాపీరైట్ పేజీ చూడండి. మొదట రాసింది ఎప్పుడు, మీ చేతిలో ఉన్న కూర్పు ఎప్పటిది, సంపాదకులు వర్ణక్రమం ఆధునికం చేశామని ముందుమాటలో చెప్పారా? చెబితే, ఆ తర్వాత కూడా మిగిలిన క్యాపిటల్ ఏదైనా ఉంటే అది కావాలని ఉంచిందే, దాని మీద టైమ్ పెట్టొచ్చు. మీ రెండో వాక్యం ఈ కాలపు నవలలోది కాబట్టి అక్కడ నామవాచకాల పాత అలవాటు అనే ప్రశ్నే రాదు, పైగా బీ క్రియ, బ్రేవ్ విశేషణం. ఇంకో చిట్కా, ట్రాన్స్‌లేషన్ యాప్‌లో వేసి తెలుగులో చూడకండి, తెలుగులోకి రాగానే క్యాపిటల్ ఆవిరైపోతుంది, మీకు అనుమానం వచ్చిన చోటే మాయమైతే ఇక చూసి ఏం లాభం. దానికి బదులు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోనే పైకి చదవండి, పెద్దక్షరం ఉన్న మాట దగ్గర కొంచెం నిదానించి, బరువు వేసి. ఎవరి గొంతులో చదివితే నప్పుతుందో చెవికే తెలుస్తుంది చాలాసార్లు.

వ్యాసం గురించి అడిగారు కదా. కొటేషన్ మార్కుల లోపల ఏమున్నా మీ చేతిలో ఉన్న కూర్పులో ఉన్నది ఉన్నట్టు దించండి, క్యాపిటల్స్, డాష్‌లు, వింత స్పెల్లింగ్ అన్నీ, ఒక్కటీ సరిదిద్దొద్దు. కొటేషన్ బయట మీ సొంత వాక్యంలో మాత్రం మామూలు నియమాలే, “ఆమె ధైర్యం” గురించి మీరు ఇంగ్లీషులో రాసేటప్పుడు బ్రేవ్ చిన్న బీతోనే ఉండాలి, లేకపోతే దిద్దేవాళ్ళకి అది మీ తప్పుగా కనిపిస్తుంది. ఆ క్యాపిటలే మీ చర్చాంశం అయితే, అది మూలంలో ఉన్నదేనని ఒక్క ముక్క రాసి, ఏ కూర్పు, ఏ ఏడాది అన్నది అక్కడే పెట్టండి, డికిన్సన్ లాంటి వాళ్ళ విషయంలో ఆ ఏడాది లేకపోతే ఉదాహరణకి విలువే లేదు.